ఫ్లాస్కులో తుమ్మబంక

నీలం రాలింది మంగళవారం. ఇవాళ గురువారం. ఈ రెండు రోజులూ నిర్మలాదేవి గొంతులోకి ముద్ద దిగలేదు. అత్తమ్మకు ఇక్కడి చలి పడటం లేదని కోడలు నిఖిత అనుకుంది. "జీపీ డాక్టరుకు ఫోన్ చెయ్యాల్నా అమ్మా?" అని కొడుకు సృజన్ ల్యాప్‌టాప్ మీంచి తలెత్తకుండానే అడిగాడు. రోగం ఏమిటో రోగికి బాగానే తెలుసు. చెప్పడానికే నోరు రావడం లేదు.

సంగతి ఇది. నిఖిత రోజూ పొద్దున్నే జిగురు కాచి, గుడ్డలో వడకట్టి, ఫ్లాస్కులో పోసుకుని, ఇంగ్లండులో వాళ్లుండే స్లౌలో రైలెక్కి, రీడింగ్ అనే ఊరికి వెళ్తుంది. అక్కడ ఆమె గురువు, సుమికో అనే జపాన్ చిత్రకారిణి ఉంది. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి. నలభై మూడేళ్లుగా ఈ దేశంలోనే ఉంటూ, తన దేశపు పాత పద్ధతిలోనే బొమ్మలు వేస్తోంది. రాళ్లు నూరి తీసిన రంగులు, ఆల్చిప్పలు నూరి తీసిన తెలుపు, చేత్తో చేసిన కాగితం. ఆ రాతిపొడి కాగితాన్ని పట్టుకుని ఉండాలంటే జిగురు కావాలి. ఆ జిగురు ఆవు తోలు ఉడకబెట్టి తీస్తారు. ఆ ఒక్క ముక్కే కొంప ముంచింది.

పక్క వీధి కస్తూరి టీ తాగడానికి వచ్చి, వంటగది అలమరలో ఉన్న పొట్లం మీది అక్షరాలు చదివి, "వదినా, ఇది ఆవు తోలట!" అని చల్లగా చెప్పి వెళ్లిపోయింది. అప్పటిదాకా పొయ్యి మీది ఆ కంపు ఏవో రంగులదే అనుకుంది అత్త. నిర్మలాదేవి ఏమీ శాకాహారి కాదు. ఆదివారం కోడికూర లేకపోతే ఆమెకు వారం ముగిసినట్టే ఉండదు. కానీ ఆవు వేరు. మొగుడు పోయాక రెండు ఆవుల పాలు పిండి ఊరంతా పోసి సృజన్‌ను ఇంజనీరును చేసిన మనిషి. ఆ ఆవు తోలు, దేవుడి పటాల పక్కనే, తను రోజూ పాలు కాచే పొయ్యి మీద ఉడుకుతోందంటే ఒళ్లంతా జెర్రులు పాకినట్టయింది.

కోడలితో గొడవ పెట్టుకోలేదు. ఒక ఉపాయం చేసింది. లడ్డూలు చేద్దామని ఊరి నుంచి తెచ్చిన తుమ్మబంక ఉంది. చిన్నప్పుడు బళ్లో చిరిగిన పుస్తకాలన్నీ దాంతోనే అంటించింది. జిగురంటే జిగురే, అంటుకోవడమే కదా కావలసింది అనుకుంది. నిఖిత స్నానానికి వెళ్లగానే ఫ్లాస్కులో ఉన్నది తీసుకెళ్లి పెరట్లో గులాబి మొదట్లో పోసి దండం పెట్టుకునేది. గోరువెచ్చని తుమ్మబంక నీళ్లు ఫ్లాస్కులో నింపేది. రంగు కలవాలి కదా, రెండు చుక్కల టీ డికాషన్ కూడా. కోవిడ్ వచ్చినప్పుడు పోయిన వాసన నిఖితకు ఇంకా తిరిగి రాలేదు కాబట్టి పట్టుబడే భయం లేదు. తోలుజిగురు చల్లారితే గడ్డకడుతుంది. ఇది సాయంత్రం దాకా గడ్డ కట్టకపోతే, ఫ్లాస్కు మంచిదని మురిసిపోయింది పాపం ఆ పిల్ల.

అలా పదకొండు రోజులు. పన్నెండో రోజు, అంటే మొన్న మంగళవారం, ఫొటో తీద్దామని బొమ్మ పలకలను నిలబెడితే, ఆ నీలమంతా ఇసుకలా జలజలా రాలిపోయింది.

ఇప్పుడు అదే సుమికో ఇంటికి, అదే కోడలి వెంట, నిర్మలాదేవి రైల్లో పోతోంది. పలకలు ప్యాక్ చెయ్యడానికి రెండో మనిషి కావాలట. సృజన్‌కు క్లయింట్ కాల్ ఉంది.

ఒళ్లో చేతిసంచి. సంచి అడుగున జిప్ కవరులో మిగిలిన తుమ్మబంక. స్టేషన్‌లో పారేద్దామని తెచ్చింది. తీరా చూస్తే ఈ దేశపు స్టేషన్లలో చెత్తబుట్టలు బుట్టలే కావు. ఇనప రింగుకు వేలాడే సన్నటి ప్లాస్టిక్ సంచులు. లోపల పడ్డది లోకానికంతా కనిపిస్తుంది. ఆ కవరు అందులో పడేసి, కోడలు పక్కన నిలబడి రైలు కోసం చూడటం ఆమె వల్ల కాలేదు.

"అత్తమ్మా, చేతులు వణుకుతున్నయ్. స్వెటర్ ఇంకొకటి తేవాల్సింది," అంది నిఖిత.

"చలి కాదు బిడ్డా."

"మరి?"

కిటికీలోంచి కాలువ, కాలువలో పొడుగాటి పడవలు వెనక్కి పోతున్నాయి. "ఏం లేదు," అంది నిర్మలాదేవి. "ఆమె ఏమన్నది ఫోన్ల? మంచిగనే మాట్లాడిందా?"

"అరిస్తే బాగుండు. చాలా శాంతంగ మాట్లాడింది." నిఖిత గోరు కొరుక్కుంటూ ఆగింది. "మూడు గంటలకు బొమ్మ వెయ్యమన్న ఆస్పత్రి వాళ్ల వ్యాన్ వస్తది. నాటింగ్‌హామ్ నుంచి. మొదటి రెండు పలకలు తీస్కపోతరు. మిగతా రెండూ ఇక రావు అని చెప్పేసిందట వాళ్లకు. వ్యాన్ పోయిందంటే అంతే అత్తమ్మా. బొమ్మ ఆగిపోయినట్టే."

"మల్ల వేసుకోవచ్చు గదా?"

"వెయ్యదట. ఇది ఒక్కటే కాదు. ఇగ ఏదీ వెయ్యదట."

నిర్మలాదేవి సంచిని గట్టిగా పట్టుకుంది.

సుమికో ఇల్లు స్టేషన్‌కు పావుగంట నడక. ఎర్ర ఇటుకల వరసలో చివరి ఇల్లు. ఇంటి వెనక ఒకప్పటి గ్యారేజీయే బొమ్మలు వేసే గది. గుమ్మంలోనే చెప్పులు విడవాలి. ఆ పద్ధతి మాత్రం నిర్మలాదేవికి నచ్చింది. ఈ దేశంలో బూట్లతో మంచం దాకా వచ్చేవాళ్లను చూసింది తను.

సుమికో బక్కపల్చటి మనిషి. తెల్లజుట్టు చెవుల దాకా కత్తిరించుకుని, మోకాళ్ల మీద రంగు మరకలున్న నీలిరంగు లాగు వేసుకుంది. చేతులు రెండూ తొడల మీద ఆనించి, నడుము దాకా వంగి దండం పెట్టింది. తనకన్నా పెద్దది తనకు అట్లా వంగేసరికి నిర్మలాదేవి చేతిసంచిని చంకలోకి జరుపుకుంది. గబగబా రెండు చేతులూ జోడించింది.

గదిలో ఒక గోడకు రెండు పలకలు నిలబెట్టి ఉన్నాయి. ఒక్కోటి మనిషెత్తు. థేమ్స్ నది పొంగి పచ్చికబయళ్లు మునిగిన బొమ్మ. మామూలుగా వరద బొమ్మంటే బురద, ఏడుపు ఉంటాయి. ఇందులో అవేం లేవు. తెల్లవారుజాము, నిండా నీలం, నీళ్లలో సగం మునిగిన కంచెలు, వాటి మీద ఒంటికాలి కొంగ. నీలం దగ్గరికి వెళ్లి చూస్తే సన్నని మెరుపు. రాతిపొడి కదా, వెలుతురు పడితే చక్కెరలా మెరుస్తుంది.

ఆస్పత్రిలో ఒక గది కడుతున్నారట. చావుబతుకుల్లో ఉన్నవాళ్ల మనుషులు వచ్చి కాసేపు కూర్చునే గది. నాలుగు పలకలూ ఆ గది నాలుగు గోడలకు.

మిగిలిన రెండూ నేల మీద పడుకుని ఉన్నాయి. వాటి మీద అడ్డంగా చెక్కబల్ల. బల్ల మీద మోకాళ్ల మీద కూర్చుని వంగి రంగు వెయ్యాలి. చేతులు వణకడం మొదలైనప్పటి నుంచి సుమికో కుర్చీలో కూర్చుని చెబుతుంటే నిఖితే ఎక్కి వేస్తోంది. ఇప్పుడా రెండు పలకలూ సున్నం పెచ్చులూడిన గోడల్లా ఉన్నాయి. ఎక్కడ చూసినా బొల్లిమచ్చలు. పక్కన తెల్ల పింగాణీ గిన్నెలో ఊడ్చి పెట్టిన నీలం. ఈక కుంచెతో గింజ గింజ ఏరి పెట్టినట్టుంది. ధాన్యం కల్లంలో చివరి గింజ దాకా ఊడ్చుకునే రైతుల్ని చూసిన కళ్లు నిర్మలాదేవివి. ఆ గిన్నె వంక చూడలేకపోయింది.

సుమికో పాలూ చక్కెరా లేని పచ్చటి కషాయం ఇచ్చింది. ముగ్గురూ కూర్చున్నారు. నిర్మలాదేవికి ఇంగ్లీషు చెవికి ఎక్కుతుంది, నాలుకకు దిగదు. ఆరేళ్లు టీవీ చూసి, ఆస్పత్రుల చుట్టూ తిరిగి, అర్థం చేసుకోవడం నేర్చింది. మాట్లాడాలంటే మాత్రం థాంక్యూ, సారీ, నో షుగర్ దగ్గర బండి ఆగిపోతుంది. సుమికో ఇంగ్లీషు నిదానం. ఒక్కో మాటనూ కడిగి ఆరబెట్టినట్టు మాట్లాడుతుంది. అందుకని ప్రతి ముక్కా అర్థమైంది. అర్థం కాకపోయినా బాగుండేది.

"నిఖితా, రెండు రోజులుగా ఆలోచించాను. ఇది నా తప్పు," అంది సుమికో.

"కాదు సెన్సేయ్!" నిఖిత గురువుగారిని అలాగే పిలుస్తుంది. "నేనే జిగురు ఎక్కువ కాచి ఉంటా. మరిగితే జిగురు చచ్చిపోతుందని మీరు ఎన్నిసార్లు చెప్పలేదు! థర్మామీటర్ చెక్ చేసిన అనుకున్న..."

"నా మాట విను." సుమికో కప్పు రెండు చేతులతో పట్టుకుంది. రెండు చేతులతో పట్టుకున్నా కషాయం అలలు కొడుతోంది. "నువ్వు పొద్దున ఫ్లాస్కు మూత తీస్తావు. గదంతా ఆ వాసన నిండాలి. అరవై ఏళ్లుగా ఆ వాసనతోనే నాకు పొద్దు మొదలవుతుంది. రెండు వారాలుగా నాకు వాసన రావడం లేదు."

నిర్మలాదేవి కప్పు కింద పెట్టేసింది.

"ముక్కు పోయిందనుకున్నాను. ముందు చేతులు పోయాయి, తర్వాత కళ్లు మసకబారాయి, ఇప్పుడు ముక్కు. నీకు చెప్పలేదు. సిగ్గనిపించింది. ముక్కు పనిచెయ్యని మనిషి జిగురు పాళ్లు చెప్పకూడదు. అయినా చెప్పాను. ఇంత నీటికి ఇంత, ఇంత రాతిపొడికి ఇంత అని అలవాటు మీద చెప్పుకుంటూ పోయాను. నా అహంకారం ఆ రెండు పలకలనూ తిన్నది."

"సెన్సేయ్, ప్లీజ్..."

"ఇక చాలు నాకు."

సుమికో లేచి మూలనున్న బల్ల దగ్గరికి వెళ్లింది. అక్కడ కుంచెలు వరసగా ఆరబెట్టి ఉన్నాయి. వెడల్పువి, సన్నవి, ఒకటీ అరా వెంట్రుకలు అరిగి పొట్టిబడ్డవి. వెదురుపుల్లల చాప పరిచి, ఒక్కొక్క కుంచే అందులో పెట్టి చాప చుట్టడం మొదలుపెట్టింది. పురికొస ముడి పడటం లేదు. వేళ్లు వణుకుతున్నాయి. మూడుసార్లు ప్రయత్నించింది. నిఖిత లేవబోతే చేత్తోనే వారించింది. నాలుగోసారి ముడి పడింది. ఆ చుట్టను రెండు చేతులతో తెచ్చి నిఖిత ముందు పెట్టింది.

"ఇవి నీవి. నాకు అవసరం లేదు."

నిఖిత ముట్టలేదు. కన్నీళ్లు కప్పులో పడుతున్నా తుడుచుకోలేదు.

గోడ గడియారం రెండున్నర దాటింది.

నిర్మలాదేవికి ఒక సంగతి స్పష్టంగా కనబడుతోంది. తను చేసిన పనిని ఈ ఇద్దరూ నాది నాదని లాక్కుంటున్నారు. తను నోరు మూసుకుంటే చాలు. వ్యాన్ వస్తుంది, పోతుంది. రేపటి నుంచి ఇంట్లో తోలు ఉడకదు. కోరుకున్నది అదే కదా? అదే అయితే, ఎదురుగా ఆ ముసలామె తన ముక్కు తనకే పరాయిదైపోయినట్టు ఊరికే ముక్కు కొస తడుముకుంటూ ఉంటే, అటు చూడటం తన వల్ల ఎందుకు కావడం లేదు?

"నిఖితా."

"ఏంది అత్తమ్మా?"

"ఆమెకు చెప్పు. ఆమె ముక్కుకు ఏం కాలేదని చెప్పు."

"ఇప్పుడు ఓదార్పు మాటలు వద్దు అత్తమ్మా. ఆమెకు నచ్చవు."

"ఓదార్పు కాదు. వాసన వస్తలేదు, ఎందుకంటే వాసన లేదు. ఆ ఫ్లాస్కుల నువ్వు పోసింది నేను పారబోసిన. తుమ్మబంక కలిపి పోసిన. పదకొండు రోజులు."

నిఖిత మొహంలో ముందు ఏమీ మారలేదు. అర్థం కాని భాష విన్నట్టు చూసింది. తర్వాత మెల్లగా నోరు తెరుచుకుంది.

"ఏమన్నరు?"

"ఆవు తోలు అని కస్తూరి చదివి చెప్పింది. నా పాలగిన్నె పక్కన ఆవు తోలు ఉడుకుతుంటే నాకు మనసొప్పలే. నీకు చెప్తే గొడవైతదని..."

"పదకొండు రోజులు!" నిఖిత గొంతు పైకి లేవలేదు. లేచి ఉంటే నిర్మలాదేవికి కొంచెం నయంగా ఉండేది. "పదకొండు రోజులు పొద్దున్నే నాకు ఉప్మా పెట్టి, ఫ్లాస్కు చేతికిచ్చి, జాగ్రత్త బిడ్డా అని పంపిన్రు. మొన్న నేను ఇంటికొచ్చి ఏడిస్తే నా తల మీద నూనె పెట్టిన్రు. అప్పుడన్నా చెప్పాలనిపించలేదా?"

"అనిపించింది. భయమైంది."

"చెప్తే మన గ్యారేజీల చేసుకునేదాన్ని కదా! వేరే పొయ్యి కొనుక్కునేదాన్ని!"

"చెప్తే వింటవా నువ్వు? వంటింట్ల అలమర సర్దినందుకే వారం రోజులు నాతోని మాట్లాడలే."

"అత్తమ్మా, అలమర, ఇదీ ఒకటేనా?"

సుమికో ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. "ఏమంటోంది మీ అత్తగారు?" అని అడిగింది.

నిఖిత కళ్లు తుడుచుకుంది. ఊపిరి లోపలికి పీల్చింది. ఇంగ్లీషులో అంది: "మీ బొమ్మ పాడైనందుకు ఆవిడ చాలా బాధపడుతున్నారు సెన్సేయ్."

ఆ ముక్క నిర్మలాదేవికి పూర్తిగా అర్థమైంది. కోడలు తన మాటను మింగేసింది. ఎందుకు మింగిందో కూడా అర్థమైంది. మా ఇంట్లోనే ఈ పని జరిగిందని గురువుకు చెప్పే మొహం ఆ పిల్లకు లేదు. తన పరువు కోసం మింగిందో, అత్త పరువు కోసమో, రెండింటికోసమో. ఏదైనా సరే, దారి చేసి పెట్టింది. ఆ దారిన పోతే సరి.

సుమికో తల ఒక పక్కకు వంచింది. "నిఖితా, నేను ఈ దేశానికి వచ్చిన కొత్తలో మా ఆయన నా మాటలు వాళ్లమ్మకు ఇంగ్లీషులో చెప్పేవాడు. నేను చాంతాడంత మాట్లాడితే ఆయన జానెడు చెప్పేవాడు. మిగతాది ఎటు పోయిందా అని ఇద్దరం ఒకరినొకరం చూసుకునేవాళ్లం, ఆవిడా నేనూ." కప్పు కింద పెట్టింది. "మీ అత్తగారు చాలాసేపు మాట్లాడింది. నువ్వు కూడా కోపంగా మాట్లాడావు. బాధపడుతున్నవాళ్ల మీద ఎవరికీ కోపం రాదు."

నిఖిత తల వంచుకుంది.

నిర్మలాదేవి సంచిలో చెయ్యి పెట్టింది. జిప్ కవరు తీసి, కుంచెల చుట్ట పక్కన పెట్టింది. కవరులో తేనె రంగు గడ్డలు, గాజుముక్కల్లా.

"ఐ," అంది. "ఐ పుట్. ఫ్లాస్క్. యువర్ గ్లూ నో. దిస్." చూపుడు వేలు తన గుండెకు ఆనించుకుంది. "ఐ. నాట్ నిఖిత. నాట్ యూ."

సుమికో కవరు విప్పింది. ఒక గడ్డ తీసి వాసన చూసింది. వెలుతురుకు పట్టి చూసింది. తర్వాత ఎవరూ అనుకోని పని చేసింది. నోట్లో వేసుకుని చప్పరించింది. కళ్లు మూసుకుని, పిల్లలు చాక్లెట్ తిన్నంత శ్రద్ధగా.

"చెట్టు బంక," అంది కళ్లు తెరవకుండానే. "ఇంగ్లీషువాళ్లు నీటిరంగుల్లో కలుపుతారు. దీనికి వాసన ఉండదు." తర్వాత ఒక్కసారిగా కళ్లు తెరిచింది. "వాసన ఉండదు! అంటే నా ముక్కు..."

గబుక్కున లేచి అలమర దగ్గరికి వెళ్లింది. ఒక డబ్బా మూత తీసి మొహం అందులో పెట్టింది. గట్టిగా పీల్చింది. వెనక్కి తిరిగేసరికి ఆ ముడతల మొహం నిండా నవ్వు, కళ్ల నిండా నీళ్లు.

"వస్తోంది. కంపు! అదే కంపు!"

నిర్మలాదేవికి ఎదురుగా అంత దూరంలో ఉన్నా ఆ కంపు తగిలింది. ముక్కు మీద కొంగు వేసుకుంది. అత్త ముక్కు సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. మేడ మీద గదిలో ఉండి కింద పప్పు అడుగంటబోతోందని చెప్పగలదు. సుమికో ఆ కొంగును, ఆ ముక్కును చూసింది. చూసి గుర్తుపెట్టుకుంది.

నవ్వు ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగా పోయింది. సుమికో మోకాళ్ల మీద కూలబడి, చుట్టలోంచి వెడల్పు కుంచెను లాగి నీళ్లలో ముంచి, పాడైన పలక మూల మీద ఆడించింది. నిఖిత అయ్యో అని ముందుకు వచ్చింది. నీలం కరిగి, కుంచె వెంట దిగి, తెల్లగిన్నెలోకి జారింది. కింద సిరాతో గీసిన రెల్లుగడ్డి గీతలు నల్లగా, ఒక్క పోచ చెదరకుండా బయటపడ్డాయి.

"చూడు. బంక కాబట్టి నీళ్లకు వదిలేసింది," అంది సుమికో. "పటిక కలిపి ఆరిన తోలుజిగురైతే ఇంత తేలిగ్గా వదలదు. మొత్తం కడగొచ్చు. రాయి రాయిలాగే ఉంటుంది, మళ్లీ వాడొచ్చు. మళ్లీ వెయ్యొచ్చు."

"ఎన్ని రోజుల్లో సెన్సేయ్?" నిఖిత గొంతులో ప్రాణం లేచొచ్చింది.

"గది తెరిచేది వచ్చే నెల మొదటి వారం. తొమ్మిది రోజుల్లో అయిపోవాలి. రోజూ పొద్దున్నే కొత్త జిగురు. ఒక్క రోజు జిగురు తప్పినా మళ్లీ ఇదే గతి." సుమికో ఆగింది. "నువ్వు కాచొద్దు."

"ఎందుకు? ఈసారి మా గ్యారేజీల..."

"నీకు వాసన తెలియదు. వేడి ఎంతుందో థర్మామీటర్ చెబుతుంది. జిగురు పులిసిందా, చచ్చిందా అనేది ముక్కే చెప్పాలి. పోయిన చలికాలం రెండుసార్లు పులిసిన జిగురు తెచ్చావు. అప్పుడు నేను పట్టుకున్నాను. ఇప్పుడు రోజూ పొద్దున్నే నీ వంటింటికి వచ్చి నేను నిలబడలేను. ఇక్కడ నువ్వొచ్చాక కాస్తే సగం రోజు పోతుంది, ముందే కాద్దామంటే ఈ చేతులతో గిన్నె ఎత్తలేను." డబ్బాలోంచి ఒక కడ్డీ తీసింది. పెన్సిలంత పొడుగు, బెల్లం రంగు, ఎండిన కాకరముక్కలా వంకర. అది పట్టుకుని నిఖితను దాటి వెళ్లి, నిర్మలాదేవి ముందు ఆగింది.

"మీ ఇంట్లో ముక్కున్న మనిషి ఈమె ఒక్కతే."

నిర్మలాదేవి రెండడుగులు వెనక్కి వేసింది. వీపుకు గోడ తగిలింది.

"సెన్సేయ్, వద్దు! ఆవిడ ముట్టరు. మా అత్తమ్మకు అది..."

"నాకు తెలుసు ఆమెకు అదేమిటో. అందుకే కదా పదకొండు రోజులు దొంగతనం చేసింది." సుమికో గొంతులో కోపం లేదు. జాలి కూడా లేదు. నిర్మలాదేవి వైపు తిరిగి గుమ్మం చూపించింది. "ఆ చెప్పులు నీవే కదా? తోలువి."

నిర్మలాదేవికి రోషం వచ్చింది. రోషంతో కాస్త ధైర్యం కూడా వచ్చింది.

"ఉన్నదున్నట్టు చెప్పు నిఖితా, మింగకు. చెప్పులు వాకిట్ల విడుస్తం, పొయ్యి మీద పెట్టం అని చెప్పు."

నిఖిత చెప్పింది. ఈసారి ఒక్క అక్షరం వదల్లేదు. సుమికో పెదవి కొస కదిలింది.

"మంచి జవాబు," అంది. కానీ చాపిన చెయ్యి దించలేదు. కడ్డీ ఆ వణికే వేళ్ల మధ్య సన్నగా ఊగుతోంది.

బయట వీధిలో పెద్ద బండి వెనక్కి వస్తున్న బీప్ బీప్. ఎవరో తలుపు వేసిన చప్పుడు. మూడుకు ఇంకా అయిదు నిమిషాలుంది. ముందే వచ్చారు.

"అత్తమ్మా," అంది నిఖిత. మిగతాది అనలేదు. ముట్టుకోమని అడగడానికి నోరు రాలేదు, వద్దనడానికి మనసు రాలేదు.

నిర్మలాదేవి ఆ కడ్డీ వంకే చూస్తోంది. తన కొట్టంలో రెండు ఆవులుండేవి. పెద్దది ముసలిదై, ఒకరోజు పొద్దున లేవలేదు. తోలు తీసుకుపోయేవాళ్లు వచ్చి తీసుకెళ్లారు. ఆ తోలుతో డప్పు కట్టుకున్నారని తర్వాత విన్నది. ఊళ్లో డప్పు మోగినప్పుడల్లా చెవి అటే పోయేది. దాన్ని పాపమని ఎవరూ అనలేదు, తనూ అనుకోలేదు. మరి ఇది?

"ఒక్క మాట అడుగు ఆమెను. మా ఊర్ల ఆవు సచ్చినంకనే తోలు తీస్తరు," అంది. "ఇది సచ్చినంక తీసిందా, తోలు కోసం చంపి తీసిందా? అది అడుగు."

నిఖిత అడిగింది.

సుమికో మొహం మారిపోయింది. ఆ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని తెలిసి, ఎవరి నుంచి వస్తుందో తెలియక, ఏళ్ల తరబడి ఎదురుచూసిన మనిషిలా నిలబడిపోయింది. ముందుగదిలో బెల్ మోగింది. ఆమె అటు చూడలేదు.

"నలభై మూడేళ్లలో ఈ దేశంలో ఎవరూ నన్నిది అడగలేదు," అంది చాలా మెల్లగా. "నాకు జవాబు తెలుసు. ఈ కడ్డీలు చేసిన మనిషి తెలుసు, ఆ ఆవు తెలుసు. కానీ అది విన్నాక ఈమె దీన్ని ముట్టకపోవచ్చు. ముట్టకపోతే నా బొమ్మ లేదు. అబద్ధం చెప్పనా, నిజం చెప్పనా? ఆమెనే అడుగు."

బెల్ రెండోసారి మోగింది.

నిఖిత తెలుగులోకి తిప్పబోయింది. అవసరం లేకపోయింది. నిర్మలాదేవికి అంతా అర్థమైంది. కొంగును నడుముకు దోపుకుంది. గోడను వదిలి ఒక అడుగు ముందుకు వేసింది. ఆ కడ్డీని సుమికో వేళ్ల మధ్య నుంచి తీసుకుని, గుప్పిట మూసింది.

"పట్టుకున్న," అంది. గుప్పిట తెరవలేదు. "ఇప్పుడు నిజం చెప్పుమను."